ఖాసిం, కడ్డీ కింద పడెయ్

ఒక మనిషిని కొట్టిన చప్పుడు నా లోపల ఉంది. ఏళ్ల తరబడి దాన్ని మోస్తున్నాను. పెళ్లి భోజనాల్లో, బస్సులో, స్నానం చేస్తున్నప్పుడు, ఎక్కడైనా సరే, ఉన్నట్టుండి వినిపిస్తుంది. కర్ర విరిగిన చప్పుడులా ఉండదది. తడిబట్టని బండ మీద బాదినట్టు ఉంటుంది. ఎదురుగా కూర్చున్న మనుషులకి చెప్పేద్దామని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచి, మంచినీళ్లు అడిగి తాగి ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా మొహం మీరు చూడలేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

విజయవాడలో, ఆటోనగర్ వెనకవైపు కాలనీలో, అద్దెకు తీసుకున్న ఒక రెండంతస్తుల ఇంట్లో నేను కేర్‌టేకర్‌గా పనిచేసేవాణ్ణి. మనసు చెదిరి, అయినవాళ్లకి దూరమై, బస్టాండులోనూ ఫ్లైఓవర్ల కిందా ఏళ్లు గడిపిన మగవాళ్లు ఆ ఇంట్లో ఉండేవారు. దాన్ని నడిపేది సరళ మేడం. "ఇది ఆసుపత్రి కాదు, హాస్టలూ కాదు. వీళ్ల ఇల్లు. మనం వాళ్లింట్లో పనిచేస్తున్నాం, అది గుర్తుపెట్టుకో," అని చేరిన రోజే చెప్పారు. ఎవరి గది వాళ్లది. ఎవరి తాళంచెవి వాళ్ల మొలతాడుకో, జేబులోనో ఉండేది. మందులు గుర్తుచేయాలి గానీ నోట్లో కుక్కకూడదు. వారానికోసారి డాక్టరు గారు వచ్చేవారు. స్నానం చేయనన్నా, పగలంతా గోడతో మాట్లాడుకున్నా ఎవరినీ బయటికి పంపేది లేదు. మళ్లీ రోడ్డు మీద పడనన్న నమ్మకం కలగడమే సగం వైద్యం అనేవారు ఆవిడ.

నాకా పని మీద ప్రేమ ఉండి చేరలేదు. మాది పామర్రు దగ్గర పల్లెటూరు. డిగ్రీ అయ్యాక కోచింగుల్లో కొన్నేళ్లు పోగొట్టుకున్నాను. స్పేర్ పార్టుల కొట్లో కొన్నాళ్లు నిలబడ్డాను. గది, తిండి ఇస్తారంటే ఇక్కడికొచ్చాను. కానీ ఊళ్లో మా అమ్మ అందరితోనూ, "మావాడు దిక్కులేనోళ్లకి అన్నం పెడతన్నాడు" అని చెప్పుకునేది. ఆ మాట నాకు నచ్చింది. మంచివాడనే పేరు అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలియదు. వచ్చాక దాన్ని పోగొట్టుకోవడం ఎంత భయమో కూడా అప్పటికి తెలియదు.

ఆ ఇంట్లో ఇద్దరి గురించే మీకు చెప్పాలి.

ఒకాయన రత్తయ్య. డెబ్భైకి దగ్గరపడినవాడు. దివిసీమ వైపు పొలాల్లో కూలి చేసిన మనిషి అని తప్ప ఆయన గురించి ఎవరికీ ఏమీ తెలియదు. "వద్దు" అన్న మాట తప్ప దాదాపు ఏమీ మాట్లాడేవాడు కాదు. ఏళ్ల పాటు ఆకలితో రోడ్ల మీద తిరిగాడేమో, పెట్టిన అన్నంలో సగం కాగితంలో చుట్టి మంచం కింద దాచుకునేవాడు. అది పాచిపోయేది, చీమలు పట్టేవి, గదంతా కంపు కొట్టేది. తీయబోతే పిల్లల కోడిలా మీదికొచ్చేవాడు.

రెండో మనిషి ఖాసిం. నలభై ఏళ్లుంటాయి. నిలువెత్తు మనిషి, ఆటోనగర్‌లో లేతు మెషిన్ మీద పేరున్న పనివాడు. చెవుల్లో ఎవరెవరో తిడుతున్నట్టు వినిపించడం మొదలయ్యాక పని పోయింది, ఇల్లు పోయింది. మా దగ్గరికొచ్చిన కొత్తలో ఒకసారి అన్నం కంచం తీసి వీధిలోకి విసిరి, గేటు పట్టుకుని కేకలు పెట్టాడు. కాలనీవాళ్లు అది మర్చిపోలేదు. తర్వాత మందులు పడ్డాయి. మనిషి నెమ్మదించాడు. బోరు మోటారు ఆగితే మెకానిక్ అక్కర్లేకుండా బాగుచేసేవాడు. రత్తయ్యని "బాబాయ్" అనేవాడు. ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ ముసలాయన, ఖాసిం గోళ్లు తీస్తుంటే మాత్రం కాళ్లు చాపుకుని కూర్చునేవాడు.

ఒక్క క్షణం కోపంలో జరిగిపోయిందని చెప్పాలని ఉంది నాకు. అలా చెబితే మీరు కూడా కొంత అర్థం చేసుకుంటారు. కానీ అది నిజం కాదు. చిన్నచిన్నవి ముందునుంచే ఉన్నాయి. రత్తయ్య మొండికేస్తే జబ్బ మీద గిల్లేవాణ్ణి. చెవి పట్టుకుని లేపేవాణ్ణి. ఒకసారి కాలితో తన్నాను, నెమ్మదిగానే. నెమ్మదిగానే అని ఇప్పుడు కూడా రాస్తున్నాను చూడండి. ఆయన ఎవరికీ చెప్పలేడు. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పలేని మనిషి మీద చెయ్యి ఎత్తడం ఎంత తొందరగా అలవాటవుతుందో!

ఆ రోజు రోహిణి ఎండ. పొద్దున్నుంచి కరెంటు లేదు. కంపు భరించలేకపోతున్నామని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారనీ, సాయంత్రం వచ్చి చూస్తాననీ ఇంటి ఓనరు ఫోను చేశాడు. మేడం ఊళ్లో లేరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను రత్తయ్య గదిలోకి వెళ్లి మంచం కింద ఉన్నదంతా చీపురుతో లాగాను. ఆయన "వద్దు, వద్దు" అంటూ నా చీపురు పట్టుకున్నాడు. నేను ఆయన రెక్క పట్టుకుని వెనకవైపు నీళ్లతొట్టి దగ్గరికి ఈడ్చుకెళ్లాను. చెంబుతో నీళ్లు పోస్తుంటే నా మణికట్టు కొరికాడు. విదిలించుకున్నాను. నా మొహం మీద ఉమ్మేశాడు.

వెనక తలుపుకి అడ్డం పెట్టే ఇనప కడ్డీ గోడకి చేరేసి ఉంది. దాన్ని తీసుకున్నాను.

మొదటి దెబ్బ కోపంతో కొట్టాను. అది భుజం మీద పడింది. ఆయన కూలబడ్డాడు. అక్కడితో నా కోపం పోయింది. ఇది మీరు వినాలి. కోపం పోయింది, నాకు బాగా గుర్తుంది. తర్వాతవి కోపంతో కొట్టినవి కావు. ఇన్నాళ్ల నా చదువు, నా తిరుగుళ్లు, చివరికి ఈ కంపు ఎత్తే బతుకు, అవన్నీ ఆ తడిసిన ఒంటి మీదికి దిగుతుంటే నాకు హాయిగా అనిపించింది. వీపు మీద కొట్టాను. అడ్డం పెట్టిన మోచేతి మీద కొట్టాను. మొహం మీద కొట్టాను. దవడ పక్కకి జరగడం చూశాను. ఎడమ కన్ను చోట రక్తం తప్ప ఏమీ కనపడలేదు. అయినా మళ్లీ ఎత్తాను.

వెనకనుంచి ఎవరో కడ్డీ పట్టుకున్నారు. ఖాసిం. కేకలు విని మేడ మీదనుంచి దిగొచ్చాడు. నన్నొక్క మాట అనలేదు. నా చేతిలోంచి కడ్డీ లాక్కుని, నన్ను పక్కకి తోసి, రత్తయ్య ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముసలాయన తలని పొట్టకి ఆనించుకున్నాడు. తెల్ల బనీను ఎర్రగా అయిపోయింది. కడ్డీ ఇంకా కుడిచేతిలోనే ఉంది. వదలడం మర్చిపోయాడు. "బాబాయ్, బాబాయ్" అంటున్నాడు.

అప్పుడే పక్కింటి ప్రసాద్ గారి తల ప్రహరీ గోడ మీదుగా లేచింది. "ఏంటయ్యా ఆ కేకలు? ఏం జరుగుతోందక్కడ?" అని అరిచాడు.

ఆయన కళ్లు ఎక్కడికి వెళ్లాయో నేను చూశాను. రక్తం మీదికి, కడ్డీ మీదికి, ఖాసిం మీదికి. నా మీదికి రాలేదు. ఆ ఒక్క క్షణంలో నేను నోరు మూసుకుని ఉన్నా సరిపోయేది. అంతవరకైతే పిరికితనం అనుకునేవాణ్ణి. కానీ నేను రెండడుగులు వెనక్కి వేసి, చేతులు రెండూ పైకెత్తి, వీధి వీధంతా వినపడేలా అరిచాను.

"ఖాసిం, కడ్డీ కింద పడెయ్!"

ఖాసిం కొట్టాడని నేను అనలేదు. ఆ తర్వాత పోలీసులతో కూడా అనలేదు. ఎన్నో రాత్రులు ఈ మాట పట్టుకుని వేలాడాను, ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదు కదా అని. కానీ అబద్ధాల్లో అంతకన్నా చక్కటి అబద్ధం ఉంటుందా?

ఖాసిం అయోమయంగా నా వైపు చూశాడు. చూసి, నేను చెప్పినట్టే కడ్డీ కింద పెట్టాడు.

గేటు తోసుకుని జనం వచ్చారు. ఆ ఇల్లు అక్కడ ఉండటం వాళ్లకి మొదటినుంచీ ఇష్టం లేదు. ఖాసిం పేరు కూడా నాకు కలిసొచ్చింది, అది దాచి లాభం లేదు. "వాడేనంట, ఆ సాయిబు పిచ్చోడు," అని ఒకడు వెనకవాడికి చెప్పడం విన్నాను. జుట్టు పట్టుకుని వీధిలోకి లాక్కెళ్లారు. చెప్పులతో మొదలుపెట్టారు. తర్వాత హెల్మెట్లు, క్రికెట్ బ్యాటు, చివరికి ఎవరింట్లోంచో తెచ్చిన రోకలి. ఖాసిం ఎదురు తిరగలేదు. అంత బలం ఉన్న మనిషి తల మీద చేతులు పెట్టుకుని, "బాబాయిని ఆసుపత్రికి తీసుకెళ్లండి, బాబాయిని తీసుకెళ్లండి" అంటూనే ఉన్నాడు. రోకలి తలకి తగిలాక ఆ మాట ఆగింది. తార్రోడ్డు మీద చెంప ఆనించి పడిపోయాడు. కాలుతున్న రోడ్డు అది. ఆ చెంప మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

నేను గేటు దగ్గర నిలబడి చూశాను. ఎవరో నా భుజం మీద చెయ్యి వేసి, "నీకేం దెబ్బలు తగల్లేదు కదా బాబూ" అని అడిగారు. కొరికిన మణికట్టు చూపించాను. పాపం అన్నారు.

ఇద్దరినీ ఒకే అంబులెన్సులో తీసుకెళ్లారు.

రెండు రోజుల తర్వాత నేను వార్డులో ఖాసిం మంచం దగ్గరికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నిజం చెబుతాను. జాలితో కాదు. అతనికి ఎంత గుర్తుందో తెలుసుకోవడానికి వెళ్లాను. తలకి కట్టు, మొహం గుమ్మడికాయలా వాచిపోయి ఉంది. నన్ను చూడగానే ఎడమచేత్తో నా చొక్కా అంచు పట్టుకున్నాడు.

"సార్, బాబాయ్ ఉన్నాడా?"

"ఉన్నాడు."

"నాకేం తెలవట్లా సార్. మెట్లు దిగింది గుర్తుంది. బాబాయ్ రక్తం గుర్తుంది. కడ్డీ నా చేతిలో ఉంది. నేనే కొట్టానా?"

నేను అతని తలకట్టు వైపు చూశాను.

"చెవుల్లో వాళ్లు నేనే అంటన్నారు సార్. వాళ్ల మాట నమ్మొద్దని మేడం చెప్పారుగా. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. మీరు అక్కడే ఉన్నారుగా. మీరు చెప్పండి. నేనేనా?"

పక్క మంచం మీద ఎవరో మూలుగుతున్నారు. ఫ్యాను తిరుగుతోంది. అతను నా మొహంలోకి చూస్తున్నాడు, డాక్టరు నోటివైపు చూసినట్టు.

"నువ్వే ఖాసిం," అన్నాను. "నీ తప్పేం లేదులే. నీకు తెలిసి చేసింది కాదు కదా."

ఆ రెండో వాక్యం ఎందుకు అన్నాను? దయగా ఉండాలనా? కడ్డీతో కొట్టింది ఒక మనిషిని. ఈ మాటతో కొట్టింది ఇంకో మనిషిని. రెండిట్లో ఏది పెద్ద దెబ్బో నాకిప్పటికీ తేలలేదు. అతను నా చొక్కా వదిలేశాడు. తన కుడిచేతిని మొహానికి దగ్గరగా తెచ్చుకుని, అదెవరిదో అన్నట్టు చాలాసేపు చూశాడు.

కేసు పెద్దది కాలేదు. మతి లేనివాళ్ల మధ్య గొడవ అని రాసుకున్నారు. ఖాసింని కొట్టినవాళ్ల మీద అసలు కేసే లేదు. ఇంకొక ఆసుపత్రిలో కొన్ని నెలలు ఉంచాక, అతన్ని తిరిగి తీసుకురావాలని మేడం పట్టుబట్టారు. కాలనీవాళ్లు ఇల్లు ఖాళీ చేయిస్తామన్నారు. "అతను వస్తే మిగతా అందరూ రోడ్డున పడతారు. నువ్వు చెప్పు, ఏం చేయమంటావు?" అని ఆవిడ నన్నడిగారు. నేను తల దించుకుని, "రిస్కు మేడం" అన్నాను. గుడివాడలో ఉన్న అక్కగారింటికి పంపారు. కొద్దిరోజులకే అక్కడినుంచి వెళ్లిపోయాడని తెలిసింది. మేడం వెతికించారు. దొరకలేదు.

రత్తయ్య బతికాడు. దవడకి తీగెలు వేశారు. ఎడమ కన్ను పోయింది. ఆయన్ని తిరిగి ఆ ఇంటికే తెచ్చారు, నా చేతికే అప్పగించారు. గంజి నేనే పట్టాను. స్నానం నేనే చేయించాను. ఇక ఒక్కనాడూ మొండికేయలేదు. అన్నం దాచుకోవడం మానేశాడు. "వద్దు" అనడం కూడా మానేశాడు. నేను గదిలోకి అడుగుపెట్టగానే రెండు చేతులూ తల మీద పెట్టుకుని, చెప్పకుండానే బట్టలు విప్పుకునేవాడు. "పాపం, ఖాసిం చేసినదానికి ఇంకా భయం పోలేదు" అని మేడం అనేవారు. ఆయన ఒంటి కంటితో నా వైపే చూస్తూ ఉండేవాడు. అలా చాలాకాలం బతికి, ఒక చలికాలం జ్వరం వచ్చి నా చేతుల్లోనే పోయాడు. నేను ఆయన తల నిమిరాను. చచ్చిపోతూ కూడా ఆ తల పక్కకి లాక్కున్నాడు.

ఆయన పోయాక ఇక నిజం తెలిసినవాళ్లెవరూ లేరనుకున్నాను. ఊపిరి పీల్చుకున్నాను. అవును, పీల్చుకున్నాను.

ఆ తర్వాత వేసవిలో ఏలూరు వెళ్తుంటే హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగింది. టీ తాగుదామని దిగాను. హైవే పక్కన టైర్ల షాపు ముందు, పాత టైర్ల గుట్ట నీడలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగిపోయింది. చెంప మీద కాలిన మచ్చ. కుడిచెయ్యి మణికట్టునుంచి కిందికి నల్లగా, వంకరగా, అల్లం కొమ్ములా ఉంది. దాన్ని సైకిల్ ట్యూబు ముక్కతో నడుముకి బిగించి కట్టుకున్నాడు.

నన్ను చూడలేదు. నేను షాపతన్ని అడిగాను, ఆ చేతికేమైందని.

"ఆయన మంచోడేనండీ, ఎవరి జోలికీ పోడు," అన్నాడతను. "పిల్లలెవరన్నా దగ్గరికొస్తే మాత్రం వణికిపోతాడు. రాకండమ్మా, ఈ చెయ్యి మంచిది కాదు అంటాడు. ఒకరోజు నేనిటు తిరిగేలోపు, టైర్లూడదీసే సుత్తి తీసుకుని, ఆ చెయ్యి రాతి మీద పెట్టుకున్నాడండీ..." మిగతాది చెప్పలేక తల తిప్పుకున్నాడు. "లేతు పనోడంట. నేను సుత్తి లాక్కునేసరికే అయిపోయింది."

బస్సు హారన్ కొట్టింది. నేను పరుగెత్తుకెళ్లి ఎక్కాను. పారిపోయాను. ఏలూరు వరకు కిటికీ ఊచ పట్టుకునే ఉన్నాను. ఆ ఇనప ఊచ నా చేతికి తెలిసిన కడ్డీలా ఉంది. ఏలూరులో దిగి, పని మీద వెళ్లినచోటికి వెళ్లకుండా, విజయవాడ బస్సు ఎక్కి తిన్నగా సరళ మేడం ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే చెప్పాను. మీకు చెప్పినట్టే, మొత్తం చెప్పాను.

ఆవిడ కూర్చోమనలేదు. ఏడవలేదు. "రత్తయ్య నిన్ను చూసి తల మీద చేతులు పెట్టుకునేవాడు. అది చూసి నేను రోజూ ఖాసింని తిట్టుకున్నాను," అన్నారు. తర్వాత నా చెంప మీద కొట్టారు. ఒకసారి కాదు. ఆవిడ అలసిపోయి ఆగేవరకు నేను నిలబడ్డాను. నాకు తేలికగా ఏమీ అనిపించలేదు.

మర్నాడు ఆవిడతో పాటే స్టేషనుకి వెళ్లాను. అక్కడున్నాయన అంతా విని, కొట్టించుకున్నవాడే లేనప్పుడు ఇప్పుడిదంతా ఎందుకు తవ్వుతారండీ అన్నాడు. నేను రాసిచ్చాను. తీసుకున్నాడు. ఇంతవరకు ఎవరూ నన్ను పిలవలేదు.

అదే రోజు హనుమాన్ జంక్షన్ వెళ్లాం. మేడంని చూసి ఖాసిం లేచి నిలబడ్డాడు. నేను అతని ముందు నేల మీద కూర్చుని చెప్పాను. "కొట్టింది నేను ఖాసిం. నువ్వు ఆపడానికి వచ్చావు. ఆసుపత్రిలో నీకు అబద్ధం చెప్పాను." ఒకటికి రెండుసార్లు చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు. విని, మేడం వైపు తిరిగి చిన్నగా నవ్వాడు.

"సార్ మొదటినుంచీ మంచోరే మేడం. నా మనసు కుదుటపడాలని తన మీద వేసుకుంటన్నారు."

ఇప్పుడు ఖాసిం వేరే ఊళ్లో, మేడం కొత్తగా తీసుకున్న ఇంట్లో ఉంటున్నాడు. అతనికో గది ఉంది, తాళంచెవి ఉంది. మందులు వేసుకుంటున్నాడు. చెవుల్లో మాటలు బాగా తగ్గాయట. కానీ పక్కింటి పసిపిల్లాడు పాక్కుంటూ గుమ్మంలోకి వస్తే మాత్రం ఇప్పటికీ గోడకి అతుక్కుపోతాడట. నాకా ఇంట్లో పని లేదు, ఉండకూడదు కూడా. వాళ్లు ఒప్పుకున్నప్పుడు వెళ్లి వరండాలో కూర్చుంటాను. ప్రతిసారీ అదే చెబుతాను. ప్రతిసారీ అతను అలాగే వింటాడు. పోయిన వారం కూడా చెప్పాను. ఎడమచేత్తో టీ గ్లాసు నా వైపు జరిపి, "చల్లారిపోద్ది సార్, తాగండి" అన్నాడు.

నా అబద్ధాన్ని ఒక్కసారికే నమ్మాడు. నిజాన్ని ఎన్నిసార్లు చెబితే నమ్ముతాడో తెలియదు. క్షమించమని అడగడానికి కూడా నాకు దారి లేదు, అతని లెక్కలో నేను చేసిన తప్పే లేదు కాబట్టి. ఇదంతా రాయడం అయ్యాక, గుండెల మీదనుంచి ఏదో కొంచెం పక్కకి జరిగినట్టుంది. కొంచెమే.

మీరైనా నమ్మండి. రత్తయ్యని కొట్టింది నేను.